దీపం కింద పసుపు కోటు

ఫోటో స్టూడియో పిన్నిని ఎరగనివాళ్ళు ఆ వీధిలో లేరు. ఆవిడ ఫోటో చూసినవాళ్ళు కూడా లేరు. ఫోటోలు తీసే మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేసింది, గోడ కనబడకుండా ఫ్రేములు వేలాడే ఇంట్లో ఉంటోంది, అయినా ఆవిడ బొమ్మలు రెండే రెండు. ఒకటి పెళ్ళినాటిది, ఇంకొకటి ఏదో గుర్తింపు కార్డు మీదది. ఆ రెండో దాంట్లో ఆవిడని ఆవిడే పోల్చుకోలేకపోయింది. ఎవరైనా ఇదేం చోద్యం పిన్నీ అంటే, అడిగే తీరిక ఆయనకీ లేదు, కూర్చునే తీరిక నాకూ లేదు అని నవ్వేసేది.

ఆవిడ కథ చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పుకోక తప్పదు. పగలంతా ఆయన స్టూడియోలో బల్ల మీద జనాన్ని కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తండి, భుజం దించండి అంటూ అర్జీలకి అంటించే ఫోటోలు తీసేవాడు. అది పొట్ట కోసం. ప్రాణమంతా రాత్రి వీధుల మీదే. అవి కూడా మామూలు రాత్రులైతే పనికిరావు. మంచు దట్టంగా పట్టాలి, లేదంటే వాన వెలిసి రోడ్డు తడితడిగా మెరుస్తూ ఉండాలి. ఊరంతా ముసుగు తన్ని పడుకునే వేళకి ఈయనకి ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చేది. మంచు మాస్టారని పేరు పెట్టారు. మొదట వెటకారానికే పెట్టారు. పోనుపోను అసలు పేరు పోస్టు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఆ పేరులో సగం నిజానికి ఆవిడకి రావాలి. ఎందుకంటారా, మంచులో ఫోటో తీయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఎదురుగా అంతా తెల్లగా ఉంటే కెమెరాకి ఎక్కడ చూడాలో తెలియదు, ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. అందుకని ఆవిడ టార్చి పట్టుకుని వీధి దీపం దాకా నడిచి వెళ్ళి, దాని కింద నిలబడి, టార్చి ఆయన వైపు తిప్పేది. ఆయన ఆ వెలుగు చుక్క మీద ఫోకస్ కుదుర్చుకుని, లెన్సు కదలకుండా టేపు అంటించి, "ఇక రా" అని కేకేసేవాడు. ఆవిడ గబగబా వెనక్కి వచ్చి, కెమెరాకి గొడుగు పట్టి, ఊపిరి ఆవిరి లెన్సు మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకునేది. అప్పుడు షట్టర్ తెరిచేవాడు. చినుకు పడితే లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ ఆవిడ దగ్గరే ఉండేది. చలికి బ్యాటరీలు నీరసపడతాయని వాటిని ఒంటికి ఆనించుకుని వెచ్చగా దాచేది కూడా ఆవిడే. తిరిగొచ్చాక కెమెరా సంచీని కాసేపు వరండాలోనే వదిలేయాలనీ, లేకపోతే చలిలోంచి తెచ్చిన లెన్సుకి వెచ్చటి గదిలోకి రాగానే చెమట పడుతుందనీ కనిపెట్టింది ఆవిడైతే, నలుగురికీ తన తెలివిగా చెప్పుకుంది ఆయన. ఆవిడ విని ఊరుకునేది. ఇన్ని విన్నాం, ఇదొక లెక్కా అనుకునేది.

ఫోటోలో మాత్రం మనిషి పడకూడదు. అది ఆయన చట్టం. మనిషి కనబడితే చూపు మనిషి మీదికి పోతుంది, మంచు మీద నిలవదు అనేవాడు. అలా ఏళ్ళ తరబడి ప్రతి ఫోటోలోనూ ఆవిడ నిలబడ్డ చోటే తేటగా పడింది. ఆవిడ పడలేదు.

ఇంకో చట్టం కూడా ఉంది. మంచు రోజులు పోయేదాకా తీసినవి చూడకూడదు. రీళ్ళ కాలంలో అన్నీ పోగుచేసి ఒకేసారి కడిగేవాడు, ఆ అలవాటు డిజిటల్ కెమెరా వచ్చినా పోలేదు. కెమెరా వెనక తెర కూడా చూడకుండా కార్డు తీసి డబ్బాలో పడేసేవాడు. ఎండలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆయనా, ఆవిడా, కూతురూ స్టూడియోలో పెద్ద తెర ముందు కూర్చుని ఏరుకునేవాళ్ళు. నచ్చినవి షోకేసులో పెట్టేవాళ్ళు. వాటిని ఎవరూ కొనరు. దారిన పోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి చూసేవాళ్ళు. ఆ ఒక్క నిమిషం కోసమే ఈ అవస్థంతా.

కంప్యూటర్లు రాకముందు ఆవిడ చేసిన పని ఒకటుంది. ప్రింటు మీద దుమ్ము పడి తెల్ల చుక్కలొస్తే, నాలుగు వెంట్రుకల కుంచెతో, సరిగ్గా పక్కనున్న రంగే కలిపి వాటిని పూడ్చేది. వధువు బుగ్గ మీద చుక్క పూడ్చిందంటే ఆ తర్వాత వధువు తల్లి కూడా కనిపెట్టలేదు. అలాంటి కళ్ళు ఆవిడవి. అందుకే ఆయన కళ్ళలో తేడా ఇంట్లో అందరికంటే ముందు ఆవిడకే తెలిసింది.

తొలుత అన్నీ చిల్లర సంగతులే. హాల్లో బల్బు మసకేసింది మార్చమన్నాడు. మార్చింది. రెండోది కూడా మసకే అన్నాడు. అద్దాలు తుడిచిందే తుడిచేవాడు. పేపరు చదవడం మానేసి, అందులో ఏముంది చదవడానికి అన్నాడు. స్టూడియో పని అప్పటికే కూతురు నెత్తిన వేసుకోవడంతో బయట ఎవరికీ తెలియలేదు. పెళ్ళయినా కూతురు అదే ఊళ్ళో ఉంటూ, పొద్దున్నే వచ్చి షట్టరెత్తి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లకి వదిలేసేది. నాన్న పెద్దవాడయ్యాడు, పనంటే విసుగొచ్చింది అనుకుందా పిల్ల.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక రాత్రి వాన పడి వెలిసింది. ఆయన వరండాలోకి వెళ్ళి, చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏమోయ్, కోటు వేసుకో. మంచు ఎంత బాగా పట్టిందో చూశావా, దీపాల చుట్టూ చక్రాలు కట్టాయి."

ఆవిడ వెళ్ళి చూసింది. ఆకాశం కడిగినట్టుంది. నక్షత్రాలు కనబడుతున్నాయి. వీధి దీపం దాని కింద తడి రోడ్డు మీద సైకిలు జాడతో సహా తేటతెల్లంగా వెలుగుతోంది. వేళాకోళమాడుతున్నాడేమోనని ఆయన మొహంలోకి చూసింది. అబ్బే, చిన్నపిల్లాడిలా మొహం విప్పార్చుకుని సంచీ సర్దుకుంటున్నాడు. ఆవిడ నోరు తెరిచి అనాల్సిన మాట అనలేకపోయింది.

"అవునండీ, బాగా పట్టింది" అంది.

ఆ అబద్ధం ఎందుకు ఆడానా అని ఆవిడ తర్వాత ఎంతో కాలం తన్ను తాను తిట్టుకుంది. నేనైతే తిట్టను. అంత సంతోషంగా ఉన్న మనిషితో నీ కళ్ళు పోతున్నాయయ్యా అని ఏ నోటితో చెబుతుంది?

మర్నాడు చెప్పింది. చెప్పకేం. కంటి డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళొద్దామంది. ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. కారణం ఉంది. ఆయన అన్నగారు బోర్డుల మీద అక్షరాలు రాసేవాడు. కళ్ళలో పొరలొచ్చి, ఆపరేషన్ చేయించుకుని, ఒక కన్ను పోగొట్టుకున్నాడు. కత్తి పెట్టారు, కన్ను పోయింది, అంతే ఆయనకి తెలిసింది. అన్నగారు ఆపరేషన్ వాయిదా వేసీ వేసీ, లోపల పొర గట్టిపడి, కన్ను బిగుసుకుపోయి, నొప్పి భరించలేక అరుస్తూ ఆస్పత్రికి వెళ్ళాడన్న సంగతి ఆవిడకి తోటికోడలు చెప్పింది. కన్ను పోయింది కత్తి వల్ల కాదు, ఆలస్యం వల్ల. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవిన వేసుకోడు. కాళ్ళావేళ్ళా పడింది. కూతురి చేత చెప్పించింది. ఆ పిల్లని కూడా కసిరేశాడు. నా కళ్ళకేం, నిన్న రాత్రి మంచులో దీపం చుట్టూ చక్రం కూడా లెక్కపెట్టాను అన్నాడు. పాపం, ఆ చక్రమే రోగమని ఆయనకెలా తెలుస్తుంది.

ఇలాంటి మొండిఘటాలకి మాటలు పనిచేయవు. ఆయన నమ్మేది ఒక్క ఫోటోనే. కొలత వేసిన కుట్టుపనివాడి మాటా నమ్మడు, తూచిన కొట్టువాడి మాటా నమ్మడు, "ఫోటోలో చూపించు, ఒప్పుకుంటాను" అంటాడు. సరే అలాగే కానిమ్మనుకుందావిడ.

తర్వాత వాన వెలిసిన రాత్రి మళ్ళీ బయల్దేరారు. ఆవిడ పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకుంది. దీపం దగ్గరికి వెళ్ళే ముందు, మోకాళ్ళు నొప్పెడుతున్నాయండీ, ఎలాగూ గొడుగుతో పనిలేదు, అటూ ఇటూ తిరగకుండా అక్కడే పక్కకి తప్పుకుంటాను అని చెప్పింది. సరేనన్నాడు. ఆయన టార్చి మీద ఫోకస్ చేసి, టేపు అంటించి, "తప్పుకున్నావా?" అని కేకేశాడు.

"తప్పుకున్నాను" అంది ఆవిడ.

టార్చి ఆర్పి, అక్కడే నిలబడింది. వీధి దీపం కింద, నడిబొడ్డున, పసుపు కోటుతో. కుడి చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించింది. కదలకుండా ఎలా నిలబడాలో ఆవిడకి ఒకరు నేర్పక్కరలేదు, ముప్పై ఏళ్ళుగా ఆ మాట ఆయన ప్రపంచమంతటికీ చెబుతుంటే వింటూనే ఉంది. ఇప్పుడు తిడతాడు అనుకుంది. ఏమిటా వేషాలు, ఫ్రేములోంచి అవతలికి పో అంటాడు అనుకుంది. ఆ తిట్టు కోసం ఆవిడ ఎదురుచూసినంతగా పెళ్ళయిన కొత్తలో ఆయన ముద్దుమాట కోసం కూడా ఎదురుచూసి ఉండదు. తిడితే కళ్ళున్నట్టే కదా.

షట్టర్ మూసుకున్న చప్పుడు వినబడింది. "అద్భుతంగా వచ్చింది, రా" అన్నాడు ఆయన.

ఆ చలికాలమంతా అదే తంతు. ఒకసారి మూడు వేళ్ళు చూపించింది. ఒకసారి అయిదూ. ఒక రాత్రి ఉక్రోషం పట్టలేక నాలిక బయట పెట్టి వెక్కిరించింది. బేకరీ వెనక సందులో, బస్సు డిపో గోడ పక్కన, లైబ్రరీ మెట్ల దగ్గర, ఆయన ఎక్కడ కెమెరా స్టాండు పెడితే అక్కడ. నిజంగా మంచు పట్టిన రాత్రులు కూడా రాకపోలేదు. వాటికీ వీటికీ తేడా ఆయనకి తెలియలేదు. ఇంటికొచ్చేటప్పుడు చెయ్యి పట్టుకో చలిగా ఉంది అనేది, ఆయన గుంతలో కాలు వేయకుండా. ఆయనేమో ఈ వయసులో సరసాలేమిటి అని మురిసిపోయేవాడు. ఆఖరిసారి, డిపో దగ్గర, ఆవిడకి వేళ్ళు చూపించే ఓపిక లేకపోయింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ రాత్రి కూడా అద్భుతంగా వచ్చిందన్నాడు.

ఎండలొచ్చాయి. ఆదివారం వచ్చింది. కూతురు స్టూడియో తలుపు లోపల గడియ పెట్టి, కార్డు కంప్యూటర్లో పెట్టింది. ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చి, వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

మొదటి బొమ్మ తెర మీదికి రాగానే కూతురు ఏదో అనబోయి తల్లి వైపు తిరిగింది. తల్లి మొహం చూసి మళ్ళీ తెర వైపే తిరిగింది.

"ఇదేంటమ్మాయ్, మంచేది? కంప్యూటర్లో ఏం నొక్కావు?" అన్నాడు ఆయన.

కూతురు ఏమీ నొక్కలేదంది. పెద్దది చేయమన్నాడు. చేసింది. ఆయన కుర్చీలోంచి లేచి ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి వెళ్ళాడు. తడి రోడ్డు, ఇటుక గోడ, గోడ మీద చిరిగిన పోస్టరు అంచు, అన్నీ తేటగా ఉన్నాయి. నడిమధ్య పసుపుగా ఏదో ఉంది. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరది?"

"నేనేనండీ."

తర్వాతది తీయమన్నాడు. ఆ తర్వాతది. రెండు వేళ్ళు, మూడు వేళ్ళు, అయిదు, నాలిక. నాలిక దగ్గర కూతురికి నవ్వొచ్చి, అది గొంతులోనే ఏడుపైపోయింది. ఆఖర్న మొహం కప్పుకున్న ఫోటో వచ్చింది. ఆయన దాని ముందు చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత నడుం ఎత్తి, ఆవిడ వైపు తిరక్కుండానే, నాతో ఆటలాడావా అన్నాడు. గడియ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. కూతురు వెతకడానికి వెళ్తానంటే ఆవిడ వద్దంది. పొద్దు వాలాక వచ్చాడు. ఎక్కడెక్కడ తిరిగాడో, చెప్పులకి బురద. వరండా మెట్టు మీద కూర్చుని ఆవిడని పిలిచాడు. ఆవిడ దెబ్బలాటకి సిద్ధపడి, కొన్ని మాటలు కూడా కూర్చుకుని వెళ్ళింది.

"ప్రతి రాత్రీ అక్కడే నిలబడ్డావా?"

"ఊఁ."

"ఆ చలిలో."

"మీరు తిడతారేమోనని చూశాను."

ఆయన చెప్పుల బురద మెట్టుకి గీకుతూ చెప్పాడు. బేకరీ సందు దాకా వెళ్ళొచ్చాడట, పట్టపగలు. దీపం స్తంభం దగ్గర ఆవిడ నిలబడ్డ చోట నిలబడి, తను కెమెరా పెట్టిన చోటికి చూశాడట. రెండిళ్ళ దూరం కూడా లేదు. అంత దగ్గర్లో పసుపు కోటు వేసుకున్న పెళ్ళాం కనబడలేదంటే ఇంక ఏం మిగిలింది అని, ఆ మాట పూర్తి చేయలేక నీళ్ళు నమిలాడు. కూర్చుకున్న మాటలన్నీ ఆవిడ వదిలేసుకుంది. పక్కన కూర్చుంది.

"నాకు భయమోయ్" అన్నాడు ఆయన.

"నాకు లేదనుకున్నారా?" అంది ఆవిడ.

ఆ వారంలోనే వెళ్ళారు. కంటి డాక్టరు చిన్న వయసు ఆవిడ, మాట మెత్తన. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయనీ, రాత్రి దీపం వెలుగు ఆ పొర మీద చెదిరిపోయి, దీపం కింద ఉన్నదేదీ కనబడకుండా చేస్తుందనీ చెప్పింది. కుడి కన్ను ఇంకో వానాకాలం ఆగేది కాదంది. ఆపరేషన్ గదిలోకి వెళ్ళేటప్పుడు ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు. నర్సు రెండుసార్లు చెప్పింది, మూడోసారి తనే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. బయట బెంచీ మీద ఆవిడకి అన్నగారి కన్ను గుర్తొస్తూనే ఉంది. నేనే తోశాను, ఏదన్నా అయితే నేనే తోశాను అనుకుంటూ కూర్చుంది.

మర్నాడు కట్టు విప్పారు. ఆయన ముందు కిటికీ చూశాడు, తర్వాత గోడ, తర్వాత ఆవిడని. చూస్తూ ఉండిపోయాడు.

"జుట్టు ఎప్పుడు ఇంత తెల్లబడింది నీకు?"

"మీకు మంచు పట్టినప్పుడు" అంది ఆవిడ. డాక్టరు పక్కనుందని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.

కొన్నాళ్ళకి రెండో కన్ను కూడా అయింది. ఇంట్లో బల్బులు కళ్ళు పొడిచేస్తున్నాయని ఆయన సణుగుడు మొదలెట్టాడు. ఆవిడకి ఆ సణుగుడు పాటలా వినబడింది. గోడల మీద సాలెగూళ్ళు కనబడుతున్నాయనీ, కూరలో పోపు మాడిందనీ, కూతురు తీసిన ఫోటోల్లో భుజాలు వంకరగా ఉన్నాయనీ అన్నింటికీ వంకలే. పోన్లే, చూసి పెడుతున్నాడు కదా వంకలు అని ఇంటిల్లిపాదీ ఓర్చుకున్నారు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం నుంచీ గాలి లేదు. చీకటి పడ్డాక ఆయన వరండాలోకి వెళ్ళి, నిలబడి, లోపలికి వచ్చాడు. వెనకటిలా చేతులు రుద్దుకోలేదు.

"ఏమోయ్, ఒకసారి చూసి చెప్పు. మంచేనా?"

ఆవిడ వెళ్ళింది. ఎదురింటి గేటు లేదు. దీపం ఎక్కడో పాలల్లో వెలిగించినట్టుంది. ఆవిడ లోపలికి వచ్చి, మాట్లాడకుండా పసుపు కోటు వేసుకుంది.

బేకరీ సందులో స్టాండు పెట్టాడు. ఆవిడ టార్చి తీసుకుని దీపం కిందికి వెళ్ళి నిలబడింది. ఆయన ఫోకస్ చేశాడు, టేపు అంటించాడు. ఇక రా అనాలి. అనలేదు. ఆవిడ కాసేపు చూసి, నిద్రపోయారా ఏమిటి, చలేస్తోంది, రానా అని అరిచింది.

"ఆగు. టార్చి ఆర్పి అక్కడే ఉండు."

ఆవిడ ఆర్పింది. అయినా ఒక్కసారి పాలతో నోరు కాలిన మనిషి కదా, ఊరికే నమ్మబుద్ధి కాలేదు. కుడి చెయ్యి ఎత్తింది.

"ఎన్ని?"

మధ్యలో మంచు మెల్లగా కదులుతోంది. ఆవిడ చెయ్యి దించలేదు. ఊపిరి కూడా తీయలేదు.

"వేళ్ళేం లేవు, పిడికిలి" అన్నాడు ఆయన. "ఇక కదలకు, తీస్తున్నాను."

షట్టర్ తెరుచుకున్న చప్పుడైంది. కదలకుండా నిలబడ్డంలో అన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఆ క్షణాన నవ్వు ఆగలేదు. భుజాలు ఊగిపోయాయి, చెయ్యి కిందికి జారింది, మొహం చెదిరిపోయింది. గోడ మాత్రం ఇటుక ఇటుకా తేటగా పడింది. ఆయన రెండోది తీయలేదు. ఎండలొచ్చేదాకా ఆగలేదు కూడా, మర్నాడే ప్రింటు వేయించి షోకేసులో నడిమధ్య పెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, ఇదేంటి మాస్టారూ, మీరు తీసిన దాంట్లో మనిషి కదిలిపోయింది అంటారు. అవును, మా ఆవిడ అంటాడు.